మంట పుట్టని మందు

మా ఆయన్ని డిపోలో అందరూ నాన్‌స్టాప్ అనేవారు. బస్సు ఆపరని కాదు. బస్సు అన్ని స్టాపుల్లోనూ ఆగేది, ఆపించడానికి నేనుండేదాన్ని. ఆగనిది ఆయనే. పొద్దున్నే స్టీరింగ్ ముందు కూర్చున్నారంటే ట్రిప్పు మీద ట్రిప్పు తోలుతూ, మధ్యలో ఒక్కసారి కూడా దిగి మరుగుదొడ్డి వైపు వెళ్ళేవారు కాదు. ఆఖరి స్టాపు రాగానే మిగతా డ్రైవర్లు ఆదరాబాదరాగా పరుగెత్తుతుంటే, ఈయన సీట్లో వెనక్కి వాలి వాళ్ళని చూసి నవ్వేవారు. నీళ్ళు తాగకుండా ఉండటం, వచ్చింది ఆపుకోవడం తనకొక్కడికే అబ్బిన విద్య అనుకునేవారు. నేను బస్సులో ఆయనకి కండక్టర్ని, ఇంట్లో భార్యని. రెండు చోట్లా తిట్టాను, రెండు చోట్లా చెవిన పెట్టలేదు.

అలాంటి మనిషికి ఒక రోజు పొద్దున డిపోలో మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. బీట్‌రూట్ తిన్నానేమో, అందుకే అన్నారు. మా ఇంట్లో బీట్‌రూట్ వండి ఎన్నాళ్ళయిందో నాకు తెలియదా? డ్యూటీ మధ్యలోనే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళాను.

అక్కడి డాక్టరు మితభాషి. మూత్రాశయంలో గడ్డ ఉందన్నాడు, ట్యూబు లోపలికి పంపి గీకి తీసేశాడు, పరీక్షకి పంపాడు. తర్వాత మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. అది కేన్సరే. పైపొరలోనే ఉంది కాబట్టి అదృష్టవంతులం. కానీ మళ్ళీ మళ్ళీ మొలిచే రకం. మొలవకుండా ఉండాలంటే వారానికొకసారి మూత్రాశయంలోకి ఒక మందు ఎక్కించాలి. అయినా తిరిగొచ్చి లోపలి పొరల్లోకి దిగిందంటే మూత్రాశయాన్నే తీసేసి, పొట్ట మీద ఒక సంచి తగిలించాల్సి వస్తుంది. ఆ తర్వాత కూడా భరోసా ఇవ్వలేనన్నాడు.

కేన్సరు అన్నప్పుడు తొణకని మనిషి, సంచి అనగానే పాలిపోయారు. ఇంటికొచ్చాక, పొట్టకి సంచి వేలాడేసుకుని స్టీరింగ్ ముందు కూర్చోవడం కంటే అసలు లేకపోవడమే నయమన్నారు. నాకు సంచితోనైనా సరే, ఆయన కావాలి. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అప్పుడే అనేసి ఉంటే బాగుండేది.

మందు ఎక్కించే గది ఆసుపత్రి వెనక వైపు ఉంటుంది. వరసగా నాలుగు మంచాలు, మంచానికీ మంచానికీ మధ్య పచ్చ పరదాలు, మూలన ఒక మరుగుదొడ్డి, దాని గట్టు మీద బ్లీచింగు సీసా. వెంట వచ్చినవాళ్ళం బయట బెంచీల మీద కూర్చోవాలి. ఆ గదికి అధికారి ఒక పొట్టి సిస్టర్. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, దాని కోసం బల్లంతా వెతుకుతూ ఉంటుంది. మందు కలిపేటప్పుడు మాత్రం ముఖానికి అద్దం, చేతులకి తొడుగులు, ఒంటికి గౌను వేసుకుని తయారవుతుంది. ట్యూబు ద్వారా మందు ఎక్కించి, ట్యూబు తీసేస్తుంది. ఇక రెండు గంటలు ఆపుకోవాలి. మందు అన్ని వైపులా తగలాలని కాసేపు వెల్లకిలా, కాసేపు బోర్లా, కాసేపు ఇటు పక్కకి, కాసేపు అటు పక్కకి తిరిగి పడుకోవాలి. ఆపైన వెళ్ళి, మగవాళ్ళయినా సరే కూర్చునే పోసి, బ్లీచింగు వేసి రావాలి.

రెండు గంటలే కదా అని మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఒక్క పరీక్షలో మా ఆయన తప్పడం కల్ల అనుకున్నాను.

మొదటి వారం సాయంత్రం ఆయన మా ఇంటి బాత్రూములో పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు టీవీ గొంతు తగ్గించారు. మంట, వణుకు, జ్వరం. ఇదంతా మామూలేనని సిస్టర్ ముందే చెప్పింది కాబట్టి గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాను. తెల్లారేసరికి జ్వరం దిగింది. రెండో వారం నాకు సెలవు దొరకలేదు, ఆయనొక్కరే వెళ్ళొచ్చారు. ఆ సాయంత్రం కేక లేదు. మూడో వారమూ అంతే. పిల్లిలా బాత్రూములోకి వెళ్ళి పిల్లిలా వచ్చారు. మందు ఒంటికి పడిందని నా సంబరం ఇంతా అంతా కాదు. మా అమ్మాయికి ఫోను చేసి చెప్పాను, డిపోలో కనబడ్డవాళ్ళకల్లా చెప్పాను. నాన్‌స్టాప్‌ని చూసి మందు కూడా జడుసుకుందని మా కంట్రోలరు జోకేశాడు. మా ఆయన మాత్రం నవ్వలేదు. నీరసమనుకున్నాను.

నాలుగో వారం సెలవు పెట్టి వెంట వెళ్ళాను. బెంచీ మీద నా పక్కన ఒక టైలరమ్మ కూర్చుంది. వాళ్ళాయన పెయింటరు, మా ఆయన పక్క మంచమే. ఆవిడ చేతిలో సగం కుట్టిన జాకెట్టు, నోట్లో దారం ముక్క. మాటల్లో పడ్డాం. వాళ్ళాయన వారం వారం ఎలా మూలుగుతాడో, జ్వరంతో ఎలా వణుకుతాడో చెప్పి, ఆ మూలుగు వింటే తనకెంత హాయిగా ఉంటుందో కూడా చెప్పింది. నేను తెల్లబోయి చూశాను.

“మూలిగితే మందు పని చేస్తున్నట్టేనంట వదినా. సిస్టరే చెప్పింది,” అంది.

మా ఆయనకి అసలు మంటే లేదని అప్పటిదాకా గొప్పగా చెప్పుకున్న నా నోరు మూతపడింది. ఇంకొకరి చీర చూసి కుళ్ళుకున్నానేమో గానీ, ఇంకొకరి మొగుడి మూలుగు చూసి కుళ్ళుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. లేచి సిస్టర్ బల్ల దగ్గరికి వెళ్ళాను.

సిస్టర్ నెత్తి మీది కళ్ళజోడు కిందికి దించుకుని నన్ను చూసింది.

“ఈ మందు నేరుగా కేన్సర్ని చంపదమ్మా. ఇవి బతికున్న క్రిములు, బలం తీసేసినవి. పసిపిల్లలకి భుజం మీద వేస్తారే బి.సి.జి., అదే. మన ఒంట్లో పుట్టుకతోనే కాపలా కణాలుంటాయి. వాటికెవరూ ఏదీ నేర్పక్కర్లేదు, పరాయిది కనబడితే మీద పడతాయి. కానీ కేన్సరు పరాయిది కాదు కదా, మన కణమే చెడిపోయింది. అందుకని చూసీ చూడనట్టు ఊరుకుంటాయి. కొన్నయితే దానికే కాపు కాసి, అది పెరగడానికి సాయపడతాయి కూడా. ఈ క్రిములు మూత్రాశయం గోడకి అంటుకున్నాయనుకో, కాపలా కణాలన్నీ ఉలిక్కిపడి పరిగెత్తుకొస్తాయి. ముందు వచ్చేవి కొన్ని, వెనకాల మింగేసేవి కొన్ని, చెడ్డ కణాన్ని పట్టుకుని చంపేసేవి కొన్ని. ఆ గొడవలో కేన్సరు కణాలు కూడా దొరికిపోతాయి. ఆ మంటా జ్వరమూ వాటి హడావిడే.”

నాకు వెంటనే మా బస్సు గుర్తొచ్చింది. టికెట్ లేకుండా రోజూ ఎక్కేవాడొకడుంటాడు. శుభ్రంగా ఇస్త్రీ చొక్కా వేసుకుని, తెలిసినవాడిలా పలకరిస్తూ కూర్చుంటాడు. చెకింగుకొచ్చినవాళ్ళు కూడా వాడితో కబుర్లు చెప్పి దిగిపోతారు. ఒక రోజు ఎవడో తాగుబోతు ఎక్కి రభస చేస్తాడు. అప్పుడు చెకింగు స్క్వాడు మొత్తం దిగుతుంది, బస్సు పక్కకి తీయించి అందరి టికెట్లూ అడుగుతుంది. తాగుబోతుతో పాటు ఇస్త్రీ చొక్కావాడూ దొరుకుతాడు. మా ఆయన ఒంట్లో రభసే జరగడం లేదు. అంటే స్క్వాడు రాలేదు. వాడు ఇంకా కూర్చునే ఉన్నాడు.

అందరికీ మంట రావాలని లేదని, రాకపోయినా కొందరికి పని చేస్తుందని సిస్టర్ ధైర్యం చెప్పింది. కానీ మామూలుగా వారం వారం పెరుగుతుందట. మొదటిసారి అంత వచ్చి, తర్వాత బొత్తిగా పోయిందంటే ఆవిడకీ వింతగానే ఉంది. రెండు గంటలూ ఆపుకుంటున్నారా అని అడిగింది. మా ఆయన్నా అని నేను కస్సుమన్నాను. అన్నానే గానీ, బెంచీ దగ్గరికి వస్తూ వెనక్కి తిరిగి పరదాల వైపు చూశాను.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. బయటికి చూస్తున్నారు. చూడటానికి బయట ఏమీ లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉందంటే, నేను దగ్గరికి రాగానే కిటికీలోంచి చూసేవాడిని పోల్చుకోవడం.

“ఎంతసేపు ఆపారు?” అన్నాను.

“దేన్ని?”

“దేన్నో మీకు తెలుసు.”

ఒక స్టాపు గడిచిపోయింది. “మొదటిసారి చచ్చీ చెడీ మొత్తం ఆపాను,” అన్నారు కిటికీతో. “తర్వాత నా వల్ల కాలేదు. ఇరవై నిమిషాలు. ఇవాళ అది కూడా లేదు.”

సిస్టర్ అటు తిరగగానే మెల్లగా మరుగుదొడ్డిలోకి వెళ్ళడం, పోసేయడం, బ్లీచింగు కూడా పద్ధతిగా వేసి వచ్చి మళ్ళీ మంచమెక్కడం. ఆ తర్వాత సిస్టర్ తిరగమన్నప్పుడల్లా ఖాళీ మూత్రాశయంతో వెల్లకిలా, బోర్లా, అటూ ఇటూ బుద్ధిగా తిరగడం. తలుచుకుంటే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడుపే గెలిచింది. ఆయన్ని లాక్కుని మా స్టాపు కంటే ముందే దిగిపోయాను. మూసేసిన కొట్టు ముందు నిలబెట్టి, సిస్టర్‌కి ఎందుకు చెప్పలేదని అడిగాను.

“ఏమని చెప్పమంటావు? పక్క పరదా వెనకాల పెయింటరు ఆపుకుని పడుకున్నాడు. నేను పక్క తడిపేసేలా ఉన్నానని చెప్పనా? నేను.” ఆ రెండో ‘నేను’ దగ్గర ఆయన ముఖం తిప్పుకున్నారు. ఇక ఆ మందు వద్దని, మానేద్దామని, వస్తే చూసుకుందామని ఏదేదో అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. భయమూ వేసింది. అంత భయం నాకు డాక్టరు గదిలో కూడా వెయ్యలేదు.

“మీ పరువు నేనేం చేసుకోను? పక్క తడిస్తే దుప్పటి మారుస్తారు. మీరు పోతే నేనేం మార్చుకోను? సంచి తగిలించుకున్నా నాకు మీరే కావాలి. అంత దాకా రాకూడదనే కదా ఈ తిప్పలన్నీ.”

రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. అయితే సిస్టర్‌కి నన్నే చెప్పమన్నారు ఆయన. నేను చెప్పనన్నాను. పక్కన నిలబడతానన్నాను.

మర్నాడే వెళ్ళాం. సిస్టర్ ముందు ఆయన ఎక్కడెక్కడో మొదలుపెట్టారు. డిపో గురించి, డ్యూటీ గురించి, నీళ్ళు తాగకపోవడం గురించి. నేను నాలుక కరుచుకుని నిలబడ్డాను. చివరికి అసలు మాట చెప్పారు. సిస్టర్ నవ్వలేదు, తిట్టలేదు. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుంది.

“అది గీకిన గోడ కదయ్యా, పచ్చి పుండు. చుక్క తగిలినా ముడుచుకుంటుంది. దానికీ మీ గట్టితనానికీ సంబంధం లేదు. చెప్పి ఉంటే మొదటి రోజే మాత్ర ఇచ్చేదాన్ని,” అంది. ఇంతకు ముందు ఎంతమంది ఇలాగే దాచారో చెబితే ఆయన ముఖంలోకి కాస్త రక్తం వచ్చింది. డాక్టరు మాత్రం రెండు అక్షింతలు వేశాడు. ముడుచుకోకుండా మాత్రలు రాశాడు, చేజారిన వారాలకి బదులు చివర్లో కొన్ని వారాలు కలిపాడు. అంతా పోయినట్టు కాదు, కానీ ఇక పోగొట్టుకోవద్దన్నాడు.

తర్వాతి వారం నన్ను కూడా లోపలికి రానిచ్చింది సిస్టర్, గౌనూ తొడుగులూ వేయించి. మాత్ర వేసుకున్నా, మందు ఎక్కిన కాసేపటికే ఆయన నుదుటి మీద చెమట పట్టింది. మంచం పట్టీ గట్టిగా పట్టుకున్నారు. కళ్ళు మరుగుదొడ్డి తలుపు మీదే ఉన్నాయి. నాకేం చెయ్యాలో తోచలేదు. తోచక, నాకు వచ్చిన పనే చేశాను.

“డిపో గేటు. రైట్ రైట్,” అన్నాను మెల్లగా.

ఆయన నా వైపు చూశారు. మా రూటు ఈ చివరి నుంచి ఆ చివరికి ఇంచుమించు రెండు గంటలు. “పాల కేంద్రం. దిగేవాళ్ళు ముందుకి రండి.” ప్రతి స్టాపులోనూ రోజూ ఎక్కేవాళ్ళని ఎక్కించాను, రోజూ చిల్లర లేనివాళ్ళతో పోట్లాడాను. గర్ల్స్ స్కూలు దగ్గర బిలబిలమంటూ పిల్లల్ని ఎక్కించాను. మార్కెట్టు దగ్గర బస్తాలకి టికెట్ కొట్టాను. సిస్టర్ తిరగమన్నప్పుడల్లా మలుపులు తిప్పాను. రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన పెదవి కొరుక్కుంటున్నారు.

“గేటు పడలేదు, పోనిచ్చెయ్,” అన్నారు పళ్ళ బిగువున.

“రోజూ పడుతుంది. ఇవాళా పడింది. గూడ్సు బండి,” అన్నాను. ఆ గూడ్సుకి ఎన్ని పెట్టెలున్నాయో నాకే తెలియదు, వస్తూనే ఉంది.

పరదా అవతలి నుంచి పెయింటరు నీరసంగా అడిగాడు, తనకి కోర్టు దగ్గర దిగాలట, చెప్పమన్నాడు. మా ఆయన నవ్వబోయి, నవ్వితే ప్రమాదమని గుర్తొచ్చి బిగబట్టారు. కోర్టు వచ్చింది, పెయింటర్ని దింపాను. ఆఖరి స్టాపు ఇంకా రెండు మలుపుల్లో ఉందనగా ఆయన వల్ల కాలేదు. లేచారు. సిస్టర్ గడియారం చూసి, చాలా బాగా ఆపారు, వెళ్ళండి అంది. ఆయన అందరి ముందు నుంచీ, గౌను కొంచెం తడిసి ఉండగానే, తలెత్తుకుని నడిచి వెళ్ళారు.

ఆ సాయంత్రం మా బాత్రూములోంచి కేక వినబడింది. పక్కింటి టీవీ గొంతు తగ్గింది. తర్వాత వణుకు, జ్వరం. దుప్పటి మీద దుప్పటి కప్పుతూ నేను నవ్వుతూనే ఉన్నాను. మొగుడు మంటతో గిలగిల్లాడుతుంటే పళ్ళికిలించే పెళ్ళాన్ని నిన్నే చూశానన్నారు ఆయన. వాళ్ళొచ్చారండీ, వచ్చేశారు అన్నాను. ఎవరని అడగలేదు. ఇస్త్రీ చొక్కావాడి సంగతీ, స్క్వాడు సంగతీ ఆయనకి ముందే చెప్పాను. జ్వరం దిగకపోతే ఫోను చెయ్యమని సిస్టర్ చెప్పింది గానీ, ఆ అవసరం రాలేదు.

మిగతా వారాలన్నీ అలాగే నడిచాయి, మూలుగుతూ. ఒకటి రెండుసార్లు మధ్యలోనే లేవాల్సి వచ్చింది. అప్పుడు దాచలేదు, సిస్టర్‌కి చెప్పే లేచారు.

తర్వాత డాక్టరు కెమెరా లోపలికి పంపి చూశాడు. నన్నూ తెర ముందు నిలబడనిచ్చాడు. గోడ మీద అక్కడక్కడా ఎర్రగా, వాచినట్టు కనబడింది. మళ్ళీ మొలిచిందనుకున్నాను. అది గడ్డ కాకపోవచ్చు, మందు వల్ల వచ్చిన వాపే కావచ్చు, తేల్చుకుందామని చిన్న ముక్కలు తీసి పంపాడు. ఆ ఫలితం వచ్చేదాకా నేను బస్సులో చిల్లర ఎవరికి ఎంతిచ్చానో ఆ దేవుడికే తెలియాలి.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ మితభాషి మొదటిసారి ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడాడు. కేన్సరు కణం ఒక్కటీ కనబడలేదు. కనబడినవన్నీ కాపలా కణాలే, గుంపులు గుంపులుగా ఉన్నాయన్నాడు. ఇంతటితో అయిపోలేదని, ఏళ్ళ తరబడి వచ్చి చూపించుకోవాలని, మధ్యమధ్య మళ్ళీ మందు ఉంటుందని కూడా చెప్పాడు. మా ఆయన బుద్ధిగా తలూపారు. నేను డాక్టరు ముందే ఏడ్చేశాను.

సిస్టర్‌కి చెప్పి వెళ్దామని వెనక గదికి వచ్చాం. బెంచీ మీద ఒక లారీ డ్రైవరు కూర్చుని ఉన్నాడు. బుర్ర మీసాలు, ఆ రోజే అతనికి మొదటి మందు. రెండు గంటలేనా, తను రాష్ట్రం దాటేదాకా ఆపుకోగలనని భార్యతో గట్టిగా చెబుతున్నాడు. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. బెంచీల నిండా జనం ఉన్నారు, మమ్మల్ని ఎరిగినవాళ్ళూ ఉన్నారు.

మా ఆయన వెళ్ళి అతని పక్కన కూర్చున్నారు. “నేనూ డ్రైవర్నే, బస్సు. నేను ఇరవై నిమిషాలు ఆపలేకపోయాను. సిగ్గుపడి దాచాను. దాచి మూడు మందులు మరుగుదొడ్లో పోశాను. నువ్వు లోపలికెళ్ళే ముందే సిస్టర్‌కి చెప్పు, మాత్ర ఇస్తుంది,” అన్నారు. గొంతేమీ తగ్గించలేదు.

బెంచీల మీది తలలన్నీ ఇటు తిరిగాయి. లారీ డ్రైవరు మీసం మీదికి వెళ్ళిన చెయ్యి దించాడు. లేచి, సిస్టర్ బల్ల వైపు నడిచాడు. అతని భార్య నా వైపు చూసింది.

మా ఆయన చెవుల దాకా ఎర్రబడి అలాగే కూర్చుని ఉన్నారు. వెళ్ళి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.